గోడ మీది నాచు: పట్టణ కట్టడాలపై మాస్‌లు, లివర్‌వర్టులు

తెలుగులో ఈ మొక్కలకు పేర్ల కొరత లేదు. కాకపోతే అవి మొక్కను చూసి పెట్టినవి కావు, దానివల్ల మనకొచ్చే చిక్కును బట్టి పెట్టినవి. గోడ పచ్చబడితే పాచి పట్టిందంటాం. బావి గట్టు మీద కాలు జారితే పాకుడంటాం. చెరువులో తేలేదీ నాచే, పూలకుండీ అంచున మొలిచేదీ నాచే. పాచిముఖం, పాచిపని, పాచిపోయిన అన్నం అనే వాడుకల్లోనే అది నిలవున్నది, కడిగి పారెయ్యాల్సినది అన్న తీర్పు దాగుంది. పాకుడు రాయి ఎంత నమ్మరానిదో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు కాబట్టే సినిమా లోకం మీద రావూరి భరద్వాజ రాసిన నవలకు ‘పాకుడురాళ్ళు’ అన్న పేరు అతికినట్టు సరిపోయింది. వృక్షశాస్త్రం మాత్రం ఈ పేర్ల మాటున రెండు మూడు వేరువేరు జీవకుటుంబాలను చూస్తుంది. నీళ్లలో తేలేవి, నేల మీద జిగటగా పరుచుకుని కాలు జార్చేవి చాలావరకు శైవలాలు, సయనోబాక్టీరియా. చిటికెడు ఎత్తున, చిన్న చిన్న ఆకులతో మఖమలు గుడ్డలా గోడను కప్పేది మాస్. కాండం, ఆకు అన్న తేడా లేకుండా చీలికలు చీలికలుగా నేలకు అతుక్కుని పెరిగేది లివర్‌వర్టు (ఆకులున్న లివర్‌వర్టులూ ఉన్నాయి గానీ మన ఊళ్లలో కంటబడేవి ఎక్కువగా ఈ అతుక్కునే రకం). హార్న్‌వర్టులనే ఇంకో చిన్న వర్గంతో కలిపి వీటన్నిటినీ బ్రయోఫైటా అంటారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 20,000 జాతులు; అందులో 12,000 దాకా మాస్‌లు, 7,000కు పైగా లివర్‌వర్టులు, 200 పైచిలుకు హార్న్‌వర్టులు. వృక్షశాస్త్రం చదివినవాళ్లకు రిక్సియా, ఫ్యునేరియా అన్న పేర్లు ఎక్కడో గుర్తుంటాయి. మాస్ అని రాస్తే ఈ రోజుల్లో సినిమా హాలు గుర్తొచ్చే ప్రమాదం ఉంది కనుక ఇక్కడ నుంచి మాస్‌ను నాచు అనే అందాం.

పట్టణంలో నాచు కనబడితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంటి యజమానికి అది అశ్రద్ధకు గుర్తు. పర్యావరణ ప్రేమికుడికి అది సిమెంటు మధ్య చిక్కుకుపోయిన అడవి ముక్క. రెండూ పొరపాటే. గోడల మీద, కప్పుల మీద, ఫుట్‌పాత్ సందుల్లో బతికే జాతుల్లో చాలావాటికి అడవితో పెద్దగా చుట్టరికం లేదు. మనిషి ఇల్లు కట్టకముందు అవి కొండరాళ్ల మీద, సున్నపురాతి గుట్టల మీద, ఏటిగట్ల కోతల్లో, కార్చిచ్చుకు మాడిన నేల మీద ఉండేవి. వాటి లెక్కలో పట్టణమంటే కొత్తగా లేచిన ఒక సున్నపురాతి కొండ. పిట్టగోడలు దాని అంచులు, చూరు గొట్టాలు దాని జలధారలు, రెండు ఇళ్ల మధ్య సందు దాని లోయ. ఏ నాచు ఎక్కడ మొలిచిందన్నది ఊళ్లో పచ్చదనం ఎంతుందన్నదాన్ని బట్టి తేలదు. అక్కడ కట్టడానికి వాడిన సరుకేమిటి, నీళ్లు ఏ దారిన వస్తున్నాయి, గాలిలో ఏముంది అన్నవాటిని బట్టి తేలుతుంది. అలాంటప్పుడు నాచును గోడకు పట్టిన జబ్బుగా చూడటం కన్నా ఆ గోడ గురించి రాసిన రిపోర్టుగా చదవడం మేలు.

ముందు సరుకు సంగతి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన సిమెంటు గోడ మీద ఎంత వాన కురిసినా వెంటనే నాచు పట్టదు. అడ్డు తడి కాదు, క్షారం. కొత్త కాంక్రీటు పీహెచ్ 12, 13 మధ్య ఉంటుంది. అందులో ఏ మొలకా నిలవదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడుతో కలిసి దాన్ని నెమ్మదిగా కాల్షియం కార్బొనేటుగా మారుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పైపొర పీహెచ్ 9 దాకా, ఇంకా కిందికీ దిగుతుంది. అంటే గోడ చర్మం రసాయనికంగా సున్నపురాయి అయిపోతుంది. దానికి వాన కోత తోడై గరుకుదనం వస్తుంది, గుంటల్లో దుమ్ము చేరుతుంది, ఆ తర్వాతే నాచు దిగుతుంది. పాత డంగు సున్నం గచ్చు మొదటి నుంచీ ఇటే ఒరిగి ఉంటుంది: మెత్తన, నీరు పీల్చే గుణం ఎక్కువ. ఒక కట్టుబడి సరుకు తన మీద ప్రాణులకు ఎంతమాత్రం చోటిస్తుందన్న ఈ గుణానికే 1995లో బెల్జియం పరిశోధకుడు ఒలివియే గియిత్ ఒక శాస్త్రీయ నామం పెట్టాడు. తెలుగులో జీవగ్రాహ్యత అనుకోవచ్చు. యూరప్‌లో గోడల మీద ఎక్కడ చూసినా కనబడే టార్టులా మ్యురాలిస్ దీనికి తేట ఉదాహరణ. మ్యురాలిస్ అంటే లాటిన్‌లో గోడకు సంబంధించినదని అర్థం. ఇటుకల మధ్య సున్నపు దర్జు వెంటే అది వరస కట్టి మొలుస్తుంది, ఇటుక ముఖాన్ని చాలాసార్లు వదిలేస్తుంది. తూర్పు ఇంగ్లండు మైదానాల్లో కొండరాయి అన్నది దాదాపు లేదు; అక్కడ ఇలాంటి జాతులకు చర్చి గోడలూ సమాధి రాళ్లే కొండలు. మనిషి కట్టకపోతే ఆ ప్రాంతంలో వాటికి నిలువనీడ ఉండేది కాదు.

ఇంత ఎండలో, ఇంత వేడిలో, చారెడు మట్టి కూడా లేనిచోట ఈ మొక్క ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు దాని లోపాల్లోనే ఉంది. దీనికి నిజమైన వేళ్లు లేవు. మూలతంతువులనే సన్నని పోగులు గోడను పట్టుకోవడానికే ఎక్కువగా పనికొస్తాయి. ఆకు చాలా జాతుల్లో ఒకే ఒక కణం మందం. పెద్ద మొక్కల ఆకుల మీదుండే మైనపు పూత దీనికి నామమాత్రం. అందువల్ల నీరు, లవణాలు, గాలిలోని మసి అన్నీ నేరుగా ఆకులోకి దిగుతాయి. అదే దారిన నీళ్లు బయటికీ పోతాయి. వేపచెట్టు వేసవిలో లోతు నీటిని వెతుక్కుంటుంది. నాచు ఆ పెనుగులాట పెట్టుకోదు. ఎండిపోతుంది, అంతే. ఎండటం చావు కాదు దానికి, జీవక్రియలు ఆపి కూర్చోవడం. మన గోడల మీద బాగా కనబడే హయోఫిలా ఇన్వల్యూటాను తీసుకుంటే, మే నెలలో అది గోడకు అంటిన గోధుమరంగు బూడిదలా ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు పెట్టి చూస్తే ప్రతి ఆకూ రెండంచులు లోపలికి చుట్టుకుని పొగాకు చుట్టలా ముడుచుకుని ఉంటుంది. ఇన్వల్యూటా అంటే లోపలికి చుట్టుకున్నదనే. రెండు చుక్కల నీళ్లు వేస్తే చూస్తుండగానే చుట్ట విప్పుకుని, నాలుక ఆకారపు ఆకులు నక్షత్రంలా పరుచుకుని, పచ్చరంగు పైకొస్తుంది. మొదటి వానకు గోడ ఒక్క పూటలో పచ్చబడటం వెనక కొత్త మొలకలేమీ లేవు. అక్కడున్నదే లేచి కూర్చుంది.

ఈ మాట చెప్పగానే ఒక అభ్యంతరం వస్తుంది: నాచు చలిదేశాల సరుకు, మన ఊళ్లలో దాని గురించి చెప్పుకోవడానికి ఏముంది? జాతుల సంఖ్య వరకు చూస్తే ఇందులో నిజముంది. మన దేశంలో ఉన్న సుమారు 2,500 బ్రయోఫైటా జాతుల్లో అత్యధికం హిమాలయాలు, ఈశాన్యం, పడమటి కనుమలవే. దక్కను పీఠభూమి వాటా తక్కువ. అయితే తక్కువ జాతులున్నాయంటే తక్కువ నాచు ఉందని కాదు. హైదరాబాదులో ఏడాదికి పడే 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తుంది. విశాఖ వైపు అక్టోబరు, నవంబరు వానలూ గట్టివే. ఆ నాలుగైదు నెలలే వాటికి సాగు కాలం, మిగతాదంతా నిద్ర. హయోఫిలాతో పాటు సెమిబార్బులా ఓరియంటాలిస్, బ్రయమ్ కొరొనేటమ్ వంటివి భారతదేశపు మైదాన పట్టణాల ఇటుక గోడలకూ సున్నపు గచ్చులకూ పాతకాపులు. చలిదేశాల పుస్తకాల్లో ఉన్న ఒక సూత్రం మాత్రం ఇక్కడ తిరగబడుతుంది. నాచు ఉత్తరపు ముఖాన పెరుగుతుందని, దారి తప్పినవాడు దాన్ని చూసి దిక్కు తెలుసుకోవచ్చని వాళ్లు చెబుతారు. హైదరాబాదు అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంటే సరిగ్గా నాచు పెరిగే రోజుల్లో ఉత్తరపు గోడకు నీడ దక్కదు. పైగా వాన నైరుతి గాలితో వచ్చి పడమటి, దక్షిణపు గోడలను ఏటవాలుగా కొడుతుంది. కాబట్టి మన దగ్గర నాచును చూసి దిక్కు చెప్పబోతే ఊరి బయట తేలతాం. పక్కింటి గోడ నీడ ఎటు పడుతుంది, చూరు నీళ్లు ఎక్కడ జారుతున్నాయి అన్నవి దిక్కుల కన్నా గట్టి కారణాలు.

వీధి మధ్యకొస్తే రాజ్యం బ్రయమ్ అర్జెంటియమ్‌ది. అర్జెంటియమ్ అంటే వెండి రంగుది. దాని ఆకు పై సగంలో కణాలకు పత్రహరితం ఉండదు. గాజులా తెల్లబడిన ఆ కొనలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండి, ఎండ వేళ పచ్చని భాగానికి గొడుగు పడతాయి. అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ ఉన్న అతి కొద్ది మొక్కల్లో ఇదొకటి. రాతి పలకల మధ్య సందులో, మనుషులు తొక్కేచోట, పాదాల అంచుకు కొంచెం ఇవతల అది వెండి గీతలా పెరుగుతుంది. తొక్కుడు దానికి పూర్తిగా నష్టం కాదు. విరిగిన కొనలు, రాలిన బుడిపెలు చెప్పులకు అంటుకుని ఇంకో వీధిలో మొలుస్తాయి. దీని దాంపత్యం మరీ విచిత్రం. ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. నాచు పురుషబీజం ఈదుకుంటూ పోవాలి, ఎండిన ఫుట్‌పాత్ మీద రెండు సెంటీమీటర్లు కూడా సముద్రమే. 2006లో స్వీడన్ పరిశోధకుడు నిల్స్ క్రోన్‌బెర్గ్, సహచరులు ఈ మొక్కతోనే ఒక ప్రయోగం చేశారు. ఆడ, మగ తునకలను ఆనించి పెడితే ఫలదీకరణ జరిగింది; రెండు, నాలుగు సెంటీమీటర్లు ఎడం పెడితే జరగలేదు. అదే ఎడంలో స్ప్రింగ్‌టెయిల్ అనే రెక్కల్లేని బుల్లి పురుగులనో, మైట్లనో వదిలితే జరిగింది. అవి పురుషబీజాలను మోసుకుపోతున్నాయన్నమాట. 2012లో ఇంకో బృందం, కప్పుల మీద పెరిగే సెరటోడాన్ పర్పురియస్ వాసనలు వెదజల్లి స్ప్రింగ్‌టెయిల్‌లను రప్పించుకుంటోందని చూపింది. పువ్వుకూ తేనెటీగకూ మధ్య నడిచే బేరం లాంటిదే పూలన్నవి లేని మొక్కల్లోనూ ఉందని తెలిసింది ఈ రెండు వీధి నాచుల వల్లే. అడవిలో వెతకాల్సిన పని పడలేదు.

లివర్‌వర్టులు నాచంత మొండివి కావు. చాలావాటికి నీళ్లు ఎక్కువ రోజులు నిలవాలి. అందుకే పట్టణంలో అవి కనబడితే అక్కడ తడి ఎప్పుడో వచ్చిపోయేది కాదని, నిలకడగా ఉందని అనుకోవచ్చు. చలిదేశాల నర్సరీల్లో కుండీల మట్టి మీద పరుచుకునే మార్కాన్షియా పాలిమార్ఫా తోటమాలులకు తలనొప్పి. దాని వీపు మీద చిన్న గిన్నెలుంటాయి, గిన్నెలో పచ్చని బిళ్లల్లాంటి జెమ్మాలు. వాన చుక్క గిన్నెలో పడితే ఆ దెబ్బకు జెమ్మాలు చిమ్మి మీటరు దూరం దాకా పడతాయి, పడ్డచోట కొత్త మొక్క. నర్సరీలో పైపు పట్టి పోసే నీళ్లు సరిగ్గా ఆ వాన చుక్క పనే చేస్తాయి: మాలి తడుపుతున్నాననుకుంటాడు, అది విత్తుతున్నాడనుకుంటుంది. నెలవంక ఆకారపు గిన్నెలుండే లునులేరియా క్రూసియేటా మధ్యధరా ప్రాంతపు మొక్క. గాజుతోటల కుండీలతో పాటు ప్రపంచమంతా తిరిగింది. మన మైదానాల్లో వీటి స్థానం రిక్సియాది. వానాకాలంలో తోట బాటల పక్కన, తడిసిన పెరటి నేల మీద రూపాయి బిళ్లంత గులాబీ ఆకారంలో మొలిచి, కార్తీకం దాటేసరికి మాయమవుతుంది. దాని సిద్ధబీజాలు గాలికెగరవు. అవి తల్లి శరీరంలోనే పూడుకుని ఉండి, అది కుళ్లాకే అక్కడి మట్టిలో కలుస్తాయి. అందుకే ఏటా అదే మూల, అదే జానెడు నేల. పాత కట్టడాల చీకటి మూలల్లో సయథోడియం అనే ఉల్లిపొర లాంటి లివర్‌వర్టు ఉంటుంది. దాని కణాలు ఉన్న కాస్త వెలుగునూ తిరగ్గొట్టడంతో మసక చీకట్లో పసుపుపచ్చగా మెరుస్తున్నట్టు ఉంటుంది. లాహోరులో ఆచార్యుడిగా పనిచేసిన శివరామ్ కశ్యప్‌ను భారత బ్రయోఫైటా అధ్యయనానికి ఆద్యుడంటారు. 1929లో వచ్చిన ఆయన గ్రంథం పశ్చిమ హిమాలయాలతో పాటు పంజాబు మైదానాన్నీ కలుపుకుంది. కొండలతో ఆగిపోకుండా పొలాలూ తోటలూ ఉన్న మైదానంలోకి దిగి చూసిన ఆ చూపు మన దగ్గర తర్వాత రావలసినంత ముందుకు రాలేదనే చెప్పాలి.

సరుకు, నీళ్లు కలిసి ఎంత కచ్చితంగా పనిచేస్తాయో చూడాలంటే లోహాల సంగతి చూడాలి. నాచు పట్టిన కప్పు మీద రాగి తీగో జింకు రేకో ఉంటే దాని కింద వాన నీరు జారినంత మేర గీత గీసినట్టు నాచు లేని చార ఉంటుంది. లోహపు అయాన్లు అతి కొద్ది మోతాదులోనే ఆ పలచని ఆకులను చంపేస్తాయి. చలిదేశాల్లో కప్పు వెన్ను పొడవునా జింకు పట్టీ కొట్టి నాచును ఆపడం ఈ కిటుకుతోనే. అయితే ఇదే రాగి నీళ్లు కావాలని కోరుకునే నాచూ ఒకటుంది. స్కోపెలోఫిలా కాటరాక్టే అనే జాతి జపాన్‌లో ఆలయాల రాగి కప్పుల నుంచి వాన నీరు కారే చోట్ల గుబురుగా పెరుగుతుంది. టోక్యోలోని ఇకెగామి హోన్‌మోన్‌జి ఆలయం దగ్గర దొరికినందుకు జపాన్‌లో దాన్ని హోన్‌మోన్‌జి గోకె అంటారు. గోకె అంటే నాచు. మామూలుగా రాగి ఖనిజం ఉన్న రాళ్ల దగ్గర మాత్రమే చోటు దొరికే మొక్కకు గుడి కప్పు ఒక గని అయింది. నగరం అన్ని మొక్కలనూ సమానంగా తరిమేస్తుందన్న మాట ఇక్కడ నిలబడదు. అది కొన్నిటిని తరిమి, వేరే కొన్నిటికి ప్రకృతిలో అరుదుగా దొరికే చోట్లను వీధి వీధినా పంచిపెడుతుంది.

మూడోది గాలి. బొగ్గు పొగల కాలంలో యూరప్ పారిశ్రామిక నగరాల చెట్ల బెరడు మీద నాచులు, లైకెన్లు (శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవులు) దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం సల్ఫర్ డయాక్సైడు. 1960ల్లో ఆలివర్ గిల్బర్ట్ ఇంగ్లండులోని న్యూకాసిల్ చుట్టూ ఊరి బయట నుంచి నడిబొడ్డుకు వచ్చేకొద్దీ ఏయే జాతులు ఎక్కడ ఆగిపోతున్నాయో గుర్తించాడు. అందులో మన వాదనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఇసుకరాతి మీద ఊరికి దూరంగానే ఆగిపోయిన జాతులు, సున్నం గుణమున్న ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల మీద ఊరికి ఇంకా దగ్గరగా నిలబడ్డాయి. ఆమ్లపు గాలిని క్షారపు రేకు విరిచేసింది. గాలి ఒక్కటే అయినా కింద ఉన్న సరుకును బట్టి ప్రాణం నిలిచింది, పోయింది. 1952 నాటి లండన్ పొగమంచు విపత్తు తర్వాత 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది, బొగ్గు పొయ్యిలు తగ్గాయి, సల్ఫర్ తగ్గాక ఆర్థోట్రైకమ్ వంటి బెరడు నాచులు మళ్లీ నగరాల్లోకి వచ్చాయి. ఇప్పుడు వాహనాల పొగ తెచ్చే నత్రజని సమ్మేళనాల వల్ల వాటిలోనూ నత్రజనిని ఇష్టపడే రకాలకే మొగ్గు.

నాచును గాలి పరీక్షకు వాడటం మొదలుపెట్టింది స్వీడన్. వేళ్లు లేవు కనుక దానిలో చేరిన సీసం, కాడ్మియం నేల నుంచి కాక గాలి, వానల నుంచే ఎక్కువగా వచ్చాయని అనుకోవచ్చు. ఆకే రికార్డు పుస్తకం. ఓకె రూలింగ్, గెర్మండ్ టైలర్ 1960ల చివర్లో చూపిన ఈ దారినే 1990 నుంచి యూరప్ దేశాలు అయిదేళ్లకోసారి నాచు సర్వే చేస్తున్నాయి. నగరానికి సంబంధించి గట్టి ఉదాహరణ అమెరికాలోని పోర్ట్‌లాండ్. 2013లో అక్కడి అటవీ సేవ పరిశోధకులు వీధి చెట్ల మీది ఆర్థోట్రైకమ్ నాచును 346 చోట్ల నుంచి సేకరించి పరీక్షిస్తే, రెండు రంగుగాజు కర్మాగారాల చుట్టూ కాడ్మియం కుప్పపడి కనబడింది. అక్కడ గాలిని కొలిచే యంత్రాలు అంతకుముందు లేవు. నాచు చెప్పాక పెట్టి చూస్తే అది చెప్పింది నిజమని తేలింది. 2016లో ఆ సంగతి బయటికొచ్చింది. ఇక్కడే ఒక హద్దు గీయాలి. గాలిని చదవడం వేరు, కడగడం వేరు. నాచు పలకలు బిగించిన బెంచీలను, గోడలను గాలి శుద్ధి యంత్రాలుగా యూరప్ నగరాల్లో అమ్మారు. బీరువా అంత నాచు ఆ నాలుగడుగుల మేర దుమ్మును పట్టుకోవచ్చు, నిజమే. కానీ వీధిలో గాలి కదులుతూనే ఉంటుంది, వాహనాలు వదులుతూనే ఉంటాయి. పైగా ఎండిన నాచుకు జీవక్రియ ఉండదు కనుక దాన్ని పచ్చగా ఉంచడానికి నీటి పంపు, కరెంటు కావాలి. రోగిని చూసి జ్వరం చెప్పే థర్మామీటరునే మందుగా మింగమన్నట్టుంది ఈ వ్యాపారం.

అసలు పెద్ద అభ్యంతరం ఇంజనీర్లది, పురాతత్వ శాఖలది: నాచు గోడను తింటుంది. ఇందులో కొట్టిపారెయ్యలేని భాగం ఉంది. మూలతంతువులు మెత్తటి సున్నపు దర్జులోకి కొద్దిగా దిగుతాయి. దిండులా తడిని పట్టి ఉంచడం వల్ల ఉప్పులు కరిగి కదులుతాయి. పట్టిన దుమ్ములో రావి గింజ మొలిస్తే అసలు ముప్పు అదే. చలిదేశాల్లో ఆ తడి గడ్డకట్టి రాయిని పొలుసులుగా లేపుతుంది, మనకు ఆ బెడద లేదు. అయినా తీసెయ్యడమే మంచిదా అన్నదానికి ఒక్క జవాబు లేదు. కంబోడియాలో అంకోర్ వాట్ ఆలయాన్ని భారత పురాతత్వ సర్వేక్షణ శాఖ 1986 నుంచి కొన్నేళ్లు బాగుచేసింది. రాతి మీది నాచు, లైకెన్లను రసాయనాలతో తొలగించిన పద్ధతి మీద అంతర్జాతీయంగా వాదోపవాదాలు నడిచాయి. శతాబ్దాల పైపొర పోయి రాయి కొత్తగా వాతావరణానికి బయటపడిందని విమర్శకుల మాట. దీనికి ఎదురు ఉదాహరణ చైనా మహాకుడ్యం. దానిలో ఎక్కువ భాగం రాయి కాదు, దిమ్మిస వేసిన మట్టి. 2023లో వచ్చిన ఒక అధ్యయనం, పరిశీలించిన మేరలో 67 శాతం గోడను సయనోబాక్టీరియా, నాచు కలిసిన పొర కప్పి ఉందని, పొర ఉన్నచోట మట్టి ఎక్కువ గట్టిగా, తక్కువ కోతతో ఉందని చూపింది. ఎండుగాలి కోసే మట్టిగోడకు నాచు కవచం. నీరు పీల్చే నాసిరకం సున్నపు పూతకు అదే బరువు. గోడేదో, వాతావరణమేదో తెలియకుండా తీర్పు చెప్పడం కుదరదు. మామూలు ఇళ్ల విషయంలో నేరారోపణ సాధారణంగా తలకిందులై ఉంటుంది. గోడ మీద నిలువుగా పచ్చచార దిగితే పైన గొట్టం చీలింది. నేల నుంచి రెండడుగుల ఎత్తున అడ్డంగా గీత కట్టినట్టు పచ్చబడితే పునాది నుంచి చెమ్మ ఎక్కుతోంది. ఆ మచ్చను బ్రష్షుతో గీకి రంగు వేసినవాడు సాక్షిని తరిమేసి దొంగను ఇంట్లోనే ఉంచుకున్నట్టు.

ఇంకో అభ్యంతరం ప్రకృతి శాస్త్రజ్ఞుల నుంచి వస్తుంది. పట్టణ నాచులన్నీ ఎక్కడపడితే అక్కడ బతికే పది పన్నెండు కలుపు జాతులే, లండన్‌లో ఉన్నదే కలకత్తాలో ఉంటే అందులో వైవిధ్యం ఏముంది? బ్రయమ్ అర్జెంటియమ్‌ను చూస్తే ఒప్పుకోవాల్సిందే. నగరాల్లో జరిపిన సర్వేల్లో జాతులు మిక్కుటంగా దొరికేది పాత పార్కులు, శ్మశానాలు, ఏటి ఒడ్లలోనే, నడిబొడ్డున కొద్దిపాటివే. అయితే పట్టణ నాచుకు విలువ అరుదైన జాతుల పట్టికలో లేదు. అది ఏమీ లేని గచ్చు మీద మొదటి మట్టిని కూర్చుతుంది, దాని దిండ్లలో స్ప్రింగ్‌టెయిల్‌లు, మైట్లు, టార్డిగ్రేడ్‌లనే కంటికి ఆనని బుల్లి జీవులు కాపురం ఉంటాయి. అంటార్కిటికాలో 1983లో సేకరించి గడ్డకట్టించి ఉంచిన నాచులోని టార్డిగ్రేడ్‌లు ముప్పై ఏళ్ల తర్వాత కరిగిస్తే కదిలాయి. ఆ జీవి దగ్గరి బంధువులు మన పిట్టగోడ మీదా ఉంటారు. పైగా ‘ఒకే జాతి’ అన్నది కూడా మన కంటి లెక్కే. నిరంతరం తొక్కుడులోనో లోహపు దుమ్ములోనో ఏళ్ల తరబడి బతికిన తునక, కొండ మీద బతికిన తునక ఒకేలా ప్రవర్తించాలని లేదు.

కట్టడాలు మారుతున్నకొద్దీ ఈ కొండ స్వరూపమూ మారుతోంది. సంక్రాంతికి సున్నం కొట్టే ఆనవాయితీ ఉన్నన్నాళ్లూ వీధి గోడ పీహెచ్ ఏటేటా కొత్త సిమెంటు స్థాయికి ఎగబాకేది. అందుకే వీధి వైపు తెల్లగా, ఎవరూ సున్నం వెయ్యని పెరటి ప్రహరీ పచ్చగా ఉండేవి. నాచు అంచు చూసి ఆ ఇంట్లో అతిథులు ఎంతవరకు వస్తారో చెప్పగలిగేలా. ఇప్పుడు బయటి గోడలకు వేసే ఎమల్షన్ రంగుల్లో శిలీంధ్రాలను, పాచిని చంపే మందులు కలిపి అమ్ముతున్నారు. వాన వాటిని కొద్దికొద్దిగా కడిగి కాలువలో కలుపుతుంది, కొన్నేళ్లకు గోడ మళ్లీ చోటిస్తుంది. మంగళూరు పెంకు పోయి స్లాబు వచ్చింది, బావి గట్టు పోయి సంపు మూత వచ్చింది. వీటన్నిటిలో ఇంకా ఎవరూ సరిగా పట్టించుకోని కొత్త జలధార ఏసీ గొట్టం. దాని నుంచి కారేది గాలిలోని తేమ చల్లబడి చుక్కలైన నీరు, అంటే ఉప్పులు దాదాపు లేని నీరు. విజయవాడ, విశాఖల్లాంటి ఉక్క ఊళ్లలో అది బాగా కారుతుంది, పొడిగాలి వీచే చోట్ల అంతగా కారదు. నాచు కాలచక్రం ప్రకారం మే నెల నిద్ర నెల. అదే మే నెలలో అపార్టుమెంటు వెనక గోడ మీద, మూడో అంతస్తు ఏసీ కింద నుంచి నేల దాకా, జానెడు వెడల్పు పచ్చచార ఒకటి మేలుకుని ఉంటుంది. రెండు వైపులా అదే జాతి, అదే గోడ మీద, గోధుమరంగుగా ముడుచుకుని వానల కోసం కాచుకుని ఉంటుంది. శీతాకాలంలో ఏసీ కట్టేశాక ఆ చార కూడా ముడుచుకుంటుంది.